ప్రకటనలో పేరు

ఆళ్లగడ్డలో ఏ బట్టల అంగడిలోనైనా ఓబులమ్మ పేరు చెప్పి చూడండి, యజమాని ముఖం కాస్త వాడుతుంది. ఆమె మెట్లెక్కుతోందంటే పెద్దాయన టీ నెపంతో వెనక తలుపు గుండా జారుకుంటాడని పేటలో వేళాకోళం చేస్తారు. అందులో అబద్ధం తక్కువే. ధర చెప్పగానే ఆమె ఏమీ అనదు, నవ్వుతుంది. అంత ధర చెప్పడానికి నీకు నోరెట్లా వచ్చిందప్పా అని ఆ నవ్వుకు అర్థం. తర్వాత చీరను మళ్లీ మడత పెట్టి, వాళ్ల చేతికే ఇచ్చి, మెట్లు దిగుతుంది. వెనక్కి తిరిగి చూడదు. అంగడివాళ్లు పిలవాల్సిందే. ఇంతవరకు పిలవని వాడు లేడు.

ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని పేటలో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టే అలాంటి మనిషి, కూతురి పెళ్లి బట్టలకు బళ్లారి పోయొస్తానంటే ఎవరికీ అనుమానం రాలేదు. రాష్ట్రం దాటితే బట్టలు చవకని అందరూ అనుకునేదే. పక్కింటి భారతమ్మ తనకూ రెండు నైటీలు తెమ్మంది, ముదురు రంగులైతే మంచిదని కూడా చెప్పింది. ఓబులమ్మ సరేనంది. కానీ ఆమె పోతున్నది బట్టలకు కాదు. బళ్లారిలో ఉన్న చెల్లెలిని ఒక మాట అడగడానికి పోతోంది. అది ఫోన్‌లో అడిగే మాట కాదు.

సంగతి ఏమిటంటే, సిరికి పెళ్లి కుదిరింది. పిల్లవాడి పేరు వినీత్, నంద్యాలలో విత్తనాల కంపెనీలో పని. వచ్చే ఆదివారం నుంచి మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదవాలి. ఫలానా వారి కుమారుడికీ ఫలానా వారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైందని పాస్టరుగారు సంఘమంతా వినేలా చెబుతారు. మన వాళ్లలో ఇది చదవనిదే పెళ్లి లేదు. ఈ ఊరికి కొత్తగా బదిలీ అయి వచ్చిన పాస్టరు యేసుదాసు అయ్యగారు ఆరాధన అయ్యాక ఓబులమ్మను పక్కకు పిలిచారు.

"అమ్మాయి తల్లిదండ్రుల పేర్లు ఏమని చదవాలమ్మా?"

"అదేం మాటయ్యా. సుందరరాజు, ఓబులమ్మ."

ఆయన గొంతు తగ్గించారు. "నీ చెల్లెలి బిడ్డని పేటలో అంటుంటే విన్నాను. నీ పేరు చదవడానికి నాకేం ఇబ్బంది లేదు. కన్నవాళ్లను ఒక మాట అడిగి చెప్పు. తర్వాత మనస్పర్థలు రాకూడదు కదా."

ఓబులమ్మకు ఒళ్లు మండింది. కొత్తగా వచ్చిన ఆయన మీద కాదు, ఆయన చెవిన వేసిన పేట మీద. అయినా ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. అడగాలి. ఇరవై మూడేళ్లుగా అడగకుండా నెట్టుకొచ్చినది ఇప్పుడు నోరు తెరిచి అడగాలి.

సుందరరాజు ఉన్నన్నాళ్లూ ఈ బెంగ ఆమెకు లేదు. ఆయన ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర రాతి విగ్రహాలకు నునుపు పట్టించే పని చేసేవాడు. ఆదివారం కీర్తనలు పాడి, సోమవారం నుంచి వినాయకుడి బొజ్జ రుద్దుతావేమప్పా అని స్నేహితులు ఎగతాళి చేసేవాళ్లు. "ఆయన ఇంతవరకు నన్నేమీ అనలే, మీకేం వచ్చింది" అనేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆమె చెల్లెలు సౌజన్య రెండో కాన్పుకు బళ్లారి నుంచి అక్క ఇంటికి వచ్చింది, వాళ్లమ్మ అప్పటికే పోయింది కాబట్టి. ఆడపిల్ల పుట్టింది. బాలింతకు కామెర్లు ముదిరి నంద్యాల ఆసుపత్రిలో పడింది. పసిగుడ్డు ఓబులమ్మ ఒళ్లోకి వచ్చింది. చెల్లెలు లేచి తిరిగేసరికి నెలలు పట్టింది. పెద్దపిల్ల శీబా కూడా అప్పటికింకా చంకలోనే ఉంది. "దీన్ని ఇంకొన్నాళ్లు ఉండనీలే" అంది ఓబులమ్మ. ఇచ్చామని చెల్లెలు ఎన్నడూ అనలేదు, తీసుకున్నామని అక్కా అనలేదు. మాటలొచ్చాక పిల్ల ఓబులమ్మను అమ్మా అంది. ఎండాకాలం వచ్చిపోయే సౌజన్యను చిన్నమ్మా అంది. ఎవరూ సరిదిద్దలేదు.

సిరికి నిజం తెలియక కాదు. పేటలో ఇలాంటివి దాగుతాయా. బడిలో ఎవరో అన్నారని ఒకసారి ఏడుస్తూ వచ్చింది. "నీకు జ్వరమొస్తే ఎవరు మేలుకోనుంటారు?" అని అడిగాడు సుందరరాజు. "అమ్మ" అంది పిల్ల. "అయితే ఇంకేంది, పోయి అన్నం తిను" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట అక్కడితో సరి. తర్వాత రాతిదుమ్ము ఆయన ఊపిరిని తినేసింది. ఆయన పోయినప్పుడు సిరి డిగ్రీ చదువుతోంది. పై ఏడాది బళ్లారిలో శీబా డెంగీ జ్వరంతో పోయింది. అప్పటికే దానికి సంబంధం కుదిరి, ప్రకటన చదివించడానికి పేర్లు కూడా ఇచ్చి ఉన్నారు.

శీబాను తలచుకున్నప్పుడల్లా ఓబులమ్మ తాను అడగబోయే మాట దగ్గర వెనక్కి తగ్గేది. బిడ్డను పోగొట్టుకున్న దాన్ని పట్టుకుని, మిగిలిన బిడ్డ పక్కన కూడా నీ పేరు వద్దని ఎట్లా అడగడం? కానీ అడగకుండా ఎట్లా ఉండడం? ఆ అమ్మాయి కోసం తానేం చేసిందో ఎవరికీ చెప్పుకోలేదు. ఒక్కసారి, అందరిలో, తన పేరు తర్వాత సిరి పేరు వినాలి. జీవితంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

తెల్లవారుతుండగా తల్లీకూతుళ్లు ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలకు, నంద్యాలలో రైలెక్కి బళ్లారికి బయలుదేరారు. బండిలో సిరి తలుపు దగ్గర నిలబడి ఫోన్‌లో గుసగుసలాడుతూనే ఉంది. బేతంచెర్ల వచ్చింది, పట్టాల పక్కన నాపరాళ్ల దొంతులు వచ్చాయి, ఇంకా మాటలు అయిపోలేదు.

"పెండ్లయినాక మాట్లాడుకోడానికి ఏమన్నా మిగిలిచ్చుకోండి" అంది ఓబులమ్మ.

సిరి నవ్వి మళ్లీ ఫోన్ వైపు తిరిగింది. వినీత్‌తోనే మాట్లాడుతోందనుకుంది తల్లి. నవ్వితే పిల్ల బుగ్గ ఎడమవైపు సొట్టపడుతుంది. ఆ సొట్ట సౌజన్యది. దాన్ని చూసీ చూడనట్టు ఉండడం ఓబులమ్మకు ఎప్పుడో అలవాటైంది.

గుంతకల్లు దాటాక స్టేషన్ బోర్డుల మీద అక్షరాలు మారాయి. గుండ్రంగా మన వాటిలాగే ఉంటాయి, తీరా చదవబోతే ఒక్కటీ చేతికి దొరకదు. ఓబులమ్మ బళ్లారికి వచ్చింది రెండుసార్లే. చెల్లెలి పెళ్లికొకసారి, శీబా చావుకొకసారి. అంగళ్లు తిరిగిన ఊరు కాదు. ఎక్కడ అడగాలి అని ఆలోచించుకుంటూ కూర్చుంది. స్టేషన్‌లో అడిగితే మరీ తొందర. ఇంట్లో అడుగుదామంటే గోడ మీద శీబా ఫోటో. అంగట్లో, చీరలు చూసే సందడిలో అడిగితే తేలిగ్గా జరిగిపోతుందని చివరికి తేల్చుకుంది.

సౌజన్య స్టేషన్ బయట నిలబడి ఉంది. చిక్కిపోయింది. మోచేతి దాకా జారే గాజులు వేసుకుని ఉంది. సిరి బ్యాగు అక్కడే వదిలేసి పరుగెత్తి ఆమెను చుట్టేసుకుంది. ఆ బ్యాగు ఓబులమ్మ ఎత్తుకుంది. తర్వాత సిరి ఆటో అతనితో బేరమాడింది. ఆడింది బాగానే ఉంది, గట్టిగానే ఆడింది. ఆడింది కన్నడంలో.

ఓబులమ్మ చెల్లెలి వైపు తిరిగింది. "దీనికి కన్నడం యాడొచ్చింది?"

"నేనే నేర్పించినక్కా. దినామూ ఫోన్ చేస్తాది గదా."

"దినామా?"

సౌజన్య ముఖం మారింది. అక్కకు తెలియదని అప్పుడే తెలిసింది ఆమెకు. "శీబా పోయినప్పటి నుంచి. నాకు దిగులుగా ఉంటాదని చేస్తాది. ఈ పొద్దు కూడా రైల్లో నుంచి మాట్లాడతానే వచ్చింది."

ఓబులమ్మ ఆటో ఎక్కి కూర్చుంది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, అడుగు దూరంలో మంచాలు. రెండేళ్లుగా ఆ పిల్ల ఒక కొత్త భాష నేర్చుకుంటుంటే ఇంట్లో మనిషికి తెలియలేదు. కోపం రాలేదు, సిగ్గేసింది. చెల్లెలి మీద అసూయ పడుతున్నందుకు ఇంకా సిగ్గేసింది.

అంగడి పెద్దదే. కింద ప్యాంట్లు, షర్టులు, మేడ మీద చీరలు. కళ్లద్దాల పెద్దాయన పరుపు మీద కూర్చుని ఉన్నాడు. మన పెళ్లికూతుళ్లకు తెల్లచీర కావాలని సౌజన్య చెప్పగానే, అడగాల్సినవన్నీ అడిగి, వెండి జరీ ఉన్నవి పరిచాడు. ఒకటి సిరికి నచ్చింది. ధర చెప్పాడు. ఓబులమ్మ నవ్వింది.

ఆ నవ్వు ఆయనకు అర్థం కాలేదు. తిరిగి ఆయన కూడా మర్యాదగా నవ్వాడు. ఓబులమ్మ చీర మడిచి ఆయన చేతిలో పెట్టి, లేచి, మెట్లు దిగింది. సగం మెట్ల మీద నిలబడింది. పైనుంచి ఎవరూ పిలవలేదు. కింద ప్యాంట్లు కొనేవాళ్లు తలెత్తి ఆమెను చూశారు. పైన సిరి గొంతు, పెద్దాయన గొంతు, సౌజన్య నవ్వు వినిపిస్తున్నాయి. చీర ధర ఆమె లేకుండానే తగ్గుతోంది. ఇంకాసేపు చూసి, ఎవరూ రారని రూఢి అయ్యాక, తనంతట తానే పైకెక్కింది.

"యాడికి పోయినావ్ మా? ఒప్పుకున్నాడు" అంది సిరి.

మాట అడగడానికి ఇదే సమయం అనుకుంది ఓబులమ్మ. చెల్లెలి పక్కనే కూర్చుంది. గొంతు సవరించుకుంది. సౌజన్యా, ఈ ప్రకటన సంగతి అని మొదలుపెట్టాలి, అంతే. ఈలోగా పెద్దాయన జాకెట్‌కు తెల్లగుడ్డ తీసి కొలుస్తున్నాడు. కొలిచి, కత్తెర పట్టుకుని, ముగ్గురిలో పెద్దామె కదా అని ఓబులమ్మ వైపు చూసి అడిగాడు.

"ఇష్టు సాకా అమ్మా?"

కన్నడంలో సాకు అంటే చాలు అని అర్థం. ఈ గుడ్డ చాలా అని ఆయన అడిగాడు. ఓబులమ్మకు ఆ సంగతి తెలియదు. తెలుగులో ఆమెకు తెలిసిన సాకడం ఒక్కటే, పెంచడం. ఎన్నాళ్లుగానో ఎవరైనా ఆ మాట అడుగుతారని ఎదురుచూస్తున్న మనిషి. అడిగినవాడు పరాయి ఊరి అంగడాయన అన్న ధ్యాస కూడా లేకపోయింది.

"ఊ. నేనే సాకినా" అంది. "పురిట్లో నుంచి నేనే సాకినా. పాలు తాపింది నేను. నీళ్లు పోసింది నేను."

పెద్దాయన కత్తెర గుడ్డ మీదే ఆగింది. తెలుగు ఆయనకు బాగానే వచ్చు, బళ్లారిలో రానివాళ్లెవరు. ముందు నవ్వబోయాడు, తర్వాత ఆపుకున్నాడు. "నేను గుడ్డ చాలా అని అడిగితినమ్మా. నువ్వు సాకిన తల్లివా?" అన్నాడు. పాపం మంచివాడే, ఆ మాటను గౌరవంగానే అన్నాడు. తర్వాత మిగిలిన ఇద్దరినీ చూసి, అర్థమైందో లేదో తేల్చుకోవడానికి సిరిని కన్నడంలో ఏదో అడిగాడు.

సిరి వెంటనే జవాబిచ్చింది. సౌజన్య మీద చెయ్యివేసి, "ఇవరు నమ్మమ్మ" అంది. ఓబులమ్మను చూపించి, "ఇవరు దొడ్డమ్మ" అంది.

ఆ రెండు ముక్కలకు కన్నడం రానక్కర్లేదు. దొడ్డమ్మ అంటే పెద్దమ్మ. సౌజన్య అమ్మ, ఓబులమ్మ పెద్దమ్మ. వరసకు అది తప్పు కాదు. రక్తం ప్రకారం చూస్తే అంతకంటే సరైన మాట లేదు. సిరి ఆ మాట తడబడుతూ అన్నా ఓబులమ్మ ఓర్చుకునేదేమో. కానీ పిల్ల తడుముకోలేదు. ఫోన్‌లో, ఆ భాషలో, ఎన్నిసార్లో అని అలవాటైన మాటలా వచ్చేసింది. తెలుగులో అమ్మా అంటూనే, గోడ అవతల ఇంకో భాషలో ఆమెకు పెద్దమ్మ పీట వేసేసింది.

"గుడ్డ చాల్లే, కత్తిరించప్పా" అంది ఓబులమ్మ.

అడగాల్సిన మాట ఇక నోటికి రాలేదు. తర్వాత పెళ్లికొడుకుకు గుడ్డలు తీసుకున్నారు, భారతమ్మకు నైటీలు తీసుకున్నారు, ముదురు రంగులే. ఎండలో నడిచి సౌజన్య ఇంటికి పోయి అన్నాలు తిన్నారు. సౌజన్య భర్త ఫిలిప్, జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట కటింగ్ మాస్టరు, వదినను చూడడానికని మధ్యాహ్నం వచ్చి కాసేపు కూర్చున్నాడు. ఆరోగ్యం ఎట్లుందొదినా అన్నాడు, బాగుండాదప్పా అంది. సిరి ఆ ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో అడగకుండా తీసుకుంటోంది. శీబా ఫోటోకు ఉన్న పూలదండ మార్చింది. పిల్ల ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చిందని ఓబులమ్మ అడగలేదు. నంద్యాలలో కంప్యూటర్ క్లాసులని పొద్దున పోయి రాత్రికి వచ్చిన శనివారాలు గుర్తుకొచ్చాయి, అంతే.

సాయంత్రం రైలుకు సౌజన్య కూడా ప్లాట్‌ఫారం దాకా వచ్చింది. సిరి నీళ్ల సీసాకని పోయింది. అక్కాచెల్లెళ్లు బెంచీ మీద మిగిలారు.

"అక్కా" అంది సౌజన్య. "అంగట్లో మాట మనసులో పెట్టుకోవాకు."

"ఏ మాట? నాకు కన్నడం యాడొస్తాది."

సౌజన్య తలొంచుకుంది. గాజులు పైకి తోసుకుంది, మళ్లీ జారాయి. "నువ్వెందుకొచ్చినావో నాకు తెలుసు. తెల్లచీరలు నంద్యాలలో దొరకవా. శీబాకప్పుడు మేమూ అయ్యగారికి పేర్లు ఇచ్చినోళ్లమే గదా. ప్రకటనలో బావ పేరు, నీ పేరు చదివించు. పిల్లను మనిషిని చేసింది మీరు. నేనొచ్చి వెనక బెంచీలో కూచొని వింటా. నాకేం బాధ లే."

ఆమెకు బాధ ఉందని ఆ గొంతే చెబుతోంది. ఓబులమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. వచ్చిన పని అయ్యింది. అడగకుండానే, ఆమె నోటితోనే, అయ్యింది. ఇంత దూరం మోసుకొచ్చిన బరువు దిగాల్సింది. దిగలేదు.

బండి కదిలాక సిరి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. డోన్ దగ్గర పడుతుండగా జరిగి తల్లికి ఆనుకుని కూర్చుంది.

"మా, ఒక మాట. కోపగించుకోవాకు."

"చెప్పు."

"ప్రకటనలో చిన్నమ్మ, చిన్నాయన పేర్లు చదవమని అయ్యగారికి చెప్తావా?" పిల్ల మాటలు తొందరపడ్డాయి. "చిన్నమ్మ నన్నేం అడగలే. ఒట్టు. నేనే అనుకుంటి. శీబక్క పేరు ఆడ చదవాల్సి ఉండె, చదవకుండానే పోయింది. చిన్నమ్మను అమ్మా అని పిలిచేటోళ్లు ఇంకెవరుండారు చెప్పు? ఒక్కసారి సంఘంలో కూతురి తల్లని అనిపిచ్చుకోనీ. నీకేం మా, నేను యాడికి పోతా? పేరు చదివితేనే నువ్వు అమ్మవా?"

ఎదురుగా కూర్చున్నవాళ్లు పల్లీలు వలుస్తున్నారు. ఓబులమ్మ ఆ పల్లీల పొట్టు చూస్తూ కూర్చుంది. నీ చిన్నమ్మే నా పేరు చదివించమందని ఒక్క మాట చెబితే చాలు. అబద్ధం కూడా కాదు. పిల్ల ఇంకేమీ అనదు, మూడు ఆదివారాలు గడిచిపోతాయి. మాట నాలుక చివర దాకా వచ్చింది.

దాన్ని ఆపింది చెల్లెలి మీద జాలి కాదు. జాలి ఉంది, లేదని కాదు. ఆపింది పిల్ల అడిగిన తీరు. ఇన్నేళ్లలో సిరి తనను ఏదీ ఇలా అడగలేదు. కావాలంటే కావాలని అరిచేది. లాక్కునేది. అన్నం మానేసి మంచమెక్కేది. అమ్మ దగ్గర ఎవరూ కోపగించుకోవాకు అని మొదలుపెట్టరు. అది పెద్దమ్మను అడిగే పద్ధతి.

"సరేలే పాప" అంది. "చెప్తా."

సిరి ఆమె భుజం మీద తల పెట్టి, నంద్యాల వచ్చేదాకా నిద్రపోయింది. ఓబులమ్మ మెలకువగానే ఉంది. భుజం తిమ్మిరెక్కినా కదల్చలేదు.

మర్నాడు సాయంత్రం అయ్యగారి ఇంటికి పోయి పేర్లు చెప్పింది. ఆయన రాసుకుని, కళ్లద్దాలు తీసి ఆమెను చూశారు. "నీ చెల్లెలు అడిగిందా అమ్మా?" అన్నారు.

"లేదయ్యా. పాప అడిగింది."

ఆయన ఇంకేదో అనబోయి మానుకున్నారు. ఈ కాలంలో అట్లా మానుకునే మనుషులు తక్కువ.

ఆదివారం చర్చి నిండింది. సౌజన్య, ఫిలిప్ ముందురోజు రాత్రే వచ్చారు. వెనక బెంచీలో కూర్చుంటానన్న చెల్లెలిని సిరి చెయ్యి పట్టి ముందుకు లాక్కొచ్చింది. ఆడవాళ్ల వైపు ఓబులమ్మ, పక్కన సిరి, ఆ పక్కన సౌజన్య. ప్రసంగం అయ్యింది, కానుకలు పట్టారు. ఇక ప్రకటనలు. స్త్రీల కూటమి బుధవారం అన్నారు, సమాధుల దొడ్డి గోడకు చందాలు అన్నారు. ఓబులమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఏం చదువుతారో తెలిసి కూడా, ఆయన పొరపాటున ఇంకోలా చదివితే బాగుండునని ఒక పిచ్చి ఆశ కలిగింది. అట్లా ఆశపడినందుకు తనను తానే తిట్టుకుంది.

"నంద్యాల సంఘస్థులు శాంసన్ గారి కుమారుడు వినీత్‌కు," అని చదివారు యేసుదాసు అయ్యగారు, "బళ్లారి వాస్తవ్యులు ఫిలిప్, సౌజన్య గార్ల కుమార్తె సిరికి వివాహము నిశ్చయించబడినది."

వెనక బెంచీల్లో చిన్న కలకలం. ఎవరో ఎవరి చెవిలోనో ఏదో అన్నారు. సౌజన్య తన పేరు వినగానే ఉలిక్కిపడి అక్క వైపు చూసింది. వద్దన్నా కదా అన్నట్టు పెదవులు కదిలాయి. అంతలోనే ఆమె మొహం చితికిపోయి ఏడుపు తన్నుకొచ్చింది. సిరి రెండు చేతులతో ఆమెను పట్టుకుంది. అటు తిరిగేసరికి, ఓబులమ్మకు పిల్ల వీపూ జడా మాత్రమే కనిపించాయి.

అయ్యగారు మిగతాది చదివారు. "వీరిద్దరి వివాహమునకు న్యాయమైన అడ్డంకి ఏదైనా ఎవరికైనా తెలిసియున్నయెడల లేచి తెలియజేయవలెను."

అడిగాక కాసేపు ఆగాలి, అది పద్ధతి. ఆయన ఆగారు. చర్చిలో ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఓబులమ్మకు లేవాలనిపించింది. ఈ పిల్లను నేను పెంచానయ్యా అని చెప్పాలనిపించింది. ఆ పెళ్లికి అది అడ్డంకి కాదు. ఈ లోకంలో దేనికీ అది అడ్డంకి కాదు. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మిగతావాళ్లలాగే ముందుకు చూస్తూ కూర్చుంది.

"ఇది మొదటి ప్రకటన" అన్నారు అయ్యగారు, కాగితం మడుస్తూ.

ఇంకా రెండు ఆదివారాలు ఆమె అది వినాలి.